ఇసుక నడుమ చెలమ

అనగనగా ఒక అడవి ఉండేది. ఆ అడవికి నట్టనడుమ ఒక ఏరు. తూర్పున ఒక గట్టు, పడమట ఒక గట్టు. ఏడాదిలో పది నెలలు ఏటిలో నీళ్ళు పారేవి. ఎండలు ముదిరాక మిగతా రెండు నెలలూ ఇసుకే.

పైకి చూస్తే చుక్క నీరుండదు. కానీ ఇసుక కింద ఉంటుంది. లోతుగా తవ్వితే ఊట పుట్టి గుంట నిండుతుంది. అలాంటి గుంటను చెలమ అంటారు. ఎండాకాలంలో ఏటి ఒడ్డున ఆడుకున్న పిల్లలకు ఇది నేను చెప్పక్కర్లేదు.

చెలమతో ఒక చిక్కుంది. ఒకసారి తవ్వి వదిలేస్తే నిలవదు. ఇసుక జారి మర్నాటికి సగం పూడిపోతుంది. రెండో రోజుకి నీళ్ళు కంపు కొడతాయి. మూడో రోజుకి అక్కడ గుంట ఉండేదని చెప్పినా ఎవరూ నమ్మరు. కాబట్టి రోజూ తెల్లవారేసరికి ఎవరో ఒకరు దిగి తోడాలి. తొలకరి పడేదాకా ఒక్క పూట కూడా తప్పకూడదు.

ఆ పని నెత్తిన వేసుకున్నది నూకాలు అనే ఏదుపంది. ఆమెకు ఒంటినిండా ముళ్ళు. మాటల్లోనూ కొన్ని.

ఆమెతోపాటు ఇద్దరు పనిచేసేవారు. అడవిపంది పోలయ్య ముట్టెతో పై ఇసుక పెళ్ళగించేవాడు. ఉడుము సన్యాసి లోపలికి దిగి గోళ్ళతో తడి ఇసుకను పైకి ఎగదోసేవాడు. నూకాలు వెదురు ముక్కలు కొరికి తెచ్చి, గోడ జారకుండా చుట్టూ గుచ్చేది. మొదట ఊరిన బురదనీళ్ళు తోడి పారబోసేవారు. నీళ్ళు తేటపడేదాకా ఎవరినీ మూతి పెట్టనిచ్చేవారు కాదు.

ఆ చెలమ దగ్గర అడిగే ప్రశ్న ఒకటే.

"పాలిస్తున్నావా?"

అవునంటే వరసలో ముందుకు. కాదంటే వెనక్కి. పాలిచ్చే తల్లులయ్యాక పిల్లలు, పిల్లలయ్యాక మిగతావాళ్ళు. తవ్వినవాళ్ళు అందరికన్నా ఆఖరున.

ఒకసారి పోలయ్య అడిగాడు కూడా. "వదినా, తవ్వి తవ్వి నా ముట్టె కాయలు కాసింది. ఒక్క గుక్క ముందు తాగితే కొంప మునుగుతుందా?"

"నువ్వు తాగేది గుక్కా, గుంటా?" అంది నూకాలు. సన్యాసి నవ్వు ఆపుకోలేక గుంటలో దగ్గాడు.

ఇలా చాలా ఏళ్ళు నడిచింది. ఒక ఏడు, సరిగ్గా ఏరు ఎండే వేళకు, అడవిని ఏలే ముసలి ఏనుగు చనిపోయింది.

చనిపోయిన మూడో రోజే గొడవ మొదలైంది. "మా నాన్న తర్వాత నేనే రాజుని" అన్నాడు ఆయన కొడుకు కొండబాబు. అతని ఏనుగులు తూర్పు గట్టున నిలబడ్డాయి. "ఎన్నాళ్ళు మీ ఇంటి పెత్తనం? ఇక మేం ఏలతాం" అన్నాడు అడవిదున్నల పెద్ద వీర్రాజు. అతని దున్నలు పడమటి గట్టున నిలబడ్డాయి. మధ్యలో చెట్లు విరిగాయి. పుట్టలు చితికాయి. గూళ్ళు నేలరాలాయి. ఎవరు ఎదురుపడినా ఒకటే అడిగేవారు.

"నువ్వు తూర్పు గట్టా, పడమటి గట్టా?"

జవాబు నచ్చకపోతే మేత ఉండదు, నీడ ఉండదు. కుందేళ్ళు మాట్లాడడమే మానేశాయి.

పోలయ్యకు భయం వేసింది. "వదినా, ఈ ఏడు ఆపేద్దాం. ఎవరో ఒకరు గద్దె మీద కూర్చోనీ. అన్నీ సర్దుకున్నాక మళ్ళీ తవ్వుదాం" అన్నాడు.

"అన్నీ సర్దుకునేదాకా దాహం ఆగుతుందా?" అని అడిగింది నూకాలు.

"ఆగదనుకో."

"అయితే తవ్వు."

తూర్పు గట్టు అంచున ఒక మద్దిచెట్టు ఉంది. ఏటా దాని నీడలోనే చెలమ తవ్వేవారు. అక్కడ ఊట తొందరగా తగులుతుంది, నీళ్ళు చల్లగా ఉంటాయి. ఆ ఏడూ అక్కడే తవ్వారు. అటువాళ్ళు, ఇటువాళ్ళు వచ్చి తాగారు. తాగేటప్పుడు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. అయినా తాగారు.

వారం తిరక్కుండా కొండబాబు వచ్చాడు. వెనక నాలుగు ఏనుగులు. వచ్చి చాలా మర్యాదగా మాట్లాడాడు.

"నూకాలత్తా, నువ్వు చేసే పని మా నాన్న ఎప్పుడూ మెచ్చుకునేవాడు. ఈ వయసులో రోజూ ఇసుక గోకడం ఏమిటి చెప్పు? మావాళ్ళు ఇద్దరిని పంపిస్తాను. నాలుగు తొండాల ఇసుక తీస్తే నీ మూడు రోజుల పని అయిపోతుంది."

"ఊరికే పంపిస్తావా బాబూ?"

"ఊరికే అత్తా, ఊరికే. ఈ చెట్టుకు మా గుర్తు మాత్రం పెట్టుకుంటాం. నీళ్ళు నీవే, పని నీదే."

ఏనుగుల గుర్తంటే చెట్టు బెరడును నిలువునా ఒలిచేయడం. దూరంనుంచి కూడా తెల్లగా కనిపిస్తుంది.

నూకాలు ఆలోచించింది. ఆమె గోళ్ళు అరిగిపోయి ఉన్నాయి. సన్యాసి వీపు తోలు ఎండకు పగిలింది. తొలకరికి ఇంకా నలభై రోజులున్నాయి. గుర్తు పెట్టినంతమాత్రాన నీళ్ళ రుచి మారదు కదా అనుకుంది. రోజంతా పనిలో మునిగి ఉండేవాళ్ళు చేసే తప్పు ఇది. చేతిలో పని సాగితే చాలు, చుట్టూ ఏమైనా ఫరవాలేదనిపిస్తుంది.

"సరే, పెట్టుకో" అంది.

కొండబాబు దంతంతో ఒక్క గీత గీసి, తొండంతో బెరడు లాగాడు. చర్రున ఊడి వచ్చింది.

మర్నాటినుంచి పని తేలికైంది. చెలమ ముందుకన్నా రెండింతలు లోతైంది. పోలయ్య పగలు కునుకు తీయడం మొదలుపెట్టాడు.

నూకాలుకు ఒక అలవాటుంది. తవ్వే ముందు చెలమ చుట్టూ తిరిగి, ఇసుకలో అడుగుల జాడలు చూస్తుంది. నిన్న సాయంత్రం ఎవరెవరు వచ్చిందీ జాడలే చెబుతాయి. నాలుగో రోజు తెల్లవారి చూస్తే పడమటి వైపునుంచి ఒక్క జాడా లేదు. ముఖ్యంగా ఒక పెద్ద గిట్టల జాడ, దాని పక్కన రెండు చిట్టి గిట్టల జాడలు, అవి లేవు.

అవి చిలకమ్మవి. చిలకమ్మ పడమటి గట్టున ఉండే చుక్కల దుప్పి. రెండు నెలల పిల్లలు ఇద్దరు. పాలిస్తున్నది కాబట్టి ఎప్పుడూ వరసలో మొదట ఉండేది.

"సన్యాసీ, ఒకసారి అటు వెళ్ళి కనుక్కునిరా" అంది నూకాలు.

సన్యాసి పొద్దెక్కేసరికి తిరిగి వచ్చాడు.

"అక్కా, చిలకమ్మ రానంటోంది. ఆ గుర్తున్న చెట్టు కింద నీళ్ళు తాగినవాళ్ళంతా తూర్పు వాళ్ళేనని వీర్రాజు చాటించాడట. తాగివస్తే పడమట మేత లేదు. 'నీళ్ళు తాగి గడ్డి లేకుండా ఎలా బతకను?' అని అడిగింది."

"మరి పిల్లలకు నీళ్ళెక్కడ?"

"పడమటి మడుగులో. మగదున్నలు తాగి, దొర్లి వెళ్ళాక మిగిలిన బురద."

నూకాలు ఆ చెట్టు వైపు చూసింది. ఒలిచిన చోట తెల్లగా మెరుస్తోంది. ఆ రోజే ఏదో ఒకటి చేయాలనుకుంది. కానీ ఏనుగులు తీసిన ఇసుక గట్టుమీదనుంచి జారి చెలమలో పడుతోంది, ముందు దానికి అడ్డు కట్టాలి. రేపు చూద్దామనుకుంది. మర్నాడు ఏనుగులు రెండు కొట్లాటకు వెళ్ళిపోయాయి, పని పెరిగింది. ఎల్లుండి చూద్దామనుకుంది.

మూడో రోజు ఒక కాకి వచ్చి చెప్పింది. చిలకమ్మ పిల్లల్లో ఒకటి మడుగు బురదలో దిగబడిపోయింది. తల్లి గట్టున నిలబడి అరిచింది. ఎవరో వెళ్ళేలోగా అంతా అయిపోయింది.

నూకాలు ఏరు దాటి వెళ్ళింది. ఎండలో, అందరూ చూస్తుండగా వెళ్ళింది. మడుగు ఒడ్డున చిలకమ్మ నిలబడి ఉంది. మిగిలిన పిల్ల ఆమె కాళ్ళ మధ్య దూరి ఉంది. మడుగు మధ్యలో బురద సాపుగా ఉంది. దాని మీద ఈగలు తిరుగుతున్నాయి.

"చిలకమ్మా" అంది నూకాలు.

"నీ చెలమలో నీళ్ళు తేటగా ఉన్నాయట. లోతు కూడా పెరిగిందట."

నూకాలు ఇంకో అడుగు దగ్గరికి వేసింది.

"బెరడు ఒలుస్తుంటే నువ్వు పక్కనే ఉన్నావా?"

"ఉన్నాను."

"ఒక్కసారైనా మా గట్టు వైపు చూశావా?"

"లేదు. గుంట వైపు చూశాను."

చిలకమ్మ ముఖం తిప్పుకుంది. "వెళ్ళు. దున్నలు చూస్తే ఉన్న ఒక్కదానికీ గడ్డి దొరకదు" అంది.

నూకాలు తిరిగి వచ్చేసరికి మద్దిచెట్టు దగ్గర పెద్ద రభస. దున్నలు ఏరు దాటి మీదపడ్డాయి. ఏనుగులు కొండ మీదికి పారిపోయాయి. పోలయ్య ఒక పొదలో తల దూర్చి, మిగతా ఒళ్ళంతా బయటే ఉంచి దాక్కున్నాడు. వీర్రాజు చెలమ పక్కన రొప్పుతూ నిలబడి ఉన్నాడు. కొమ్ములకు ఆకులు చుట్టుకుని ఉన్నాయి.

"నువ్వేనా నూకాలువి? ఇక్కడ ఇప్పుడు పెత్తనం మాది. ఆ బెరడు గుర్తు మీద మా బురద పూస్తాం. నీ పని నువ్వు చేసుకో. నిన్ను ఎవరూ ఏమీ అనరు" అన్నాడు.

"బురద పూస్తే తూర్పు వాళ్ళు రారు" అంది నూకాలు.

"రాకపోతే వాళ్ళ ఖర్మ. మొన్న మావాళ్ళు రాలేదు. నీకప్పుడు నొప్పి తెలియలేదే?"

ఆ మాట నిజమే. అందుకే ఆమెకు గుచ్చుకుంది. తన ముళ్ళకన్నా లోతుగా దిగింది.

"ఇప్పుడు తెలిసింది. ఈ చెట్టును నువ్వే ఉంచుకో. చెలమ కూడా ఉంచుకో. పదండర్రా" అంది.

సన్యాసి ఆమె వెనక నడిచాడు. పోలయ్య పొదలోంచి బయటికొచ్చి, "ఎక్కడికి?" అన్నాడు.

నూకాలు సరాసరి ఏటిలోకి దిగింది. మద్దిచెట్టు నీడ దాటింది. ఇసుక నడి మధ్యకు వెళ్ళి ఆగింది. చుట్టూ చెట్టు లేదు, బండ లేదు, పొద లేదు. ఇసుక పెనంలా కాలుతోంది.

"ఇక్కడ" అంది.

"నీకేమైనా మతి పోయిందా వదినా? ఇక్కడ నీడేది? ఊట నిలువు లోతున ఉంటుంది. గుర్తు చెప్పుకుందామన్నా ఒక రాయైనా లేదు!"

"అందుకే ఇక్కడ. గుర్తు పెట్టడానికి వాళ్ళకూ ఏమీ దొరకదు."

పోలయ్య ఇసుకను చూశాడు, ఎండను చూశాడు. "నా వల్ల కాదు. రాజెవరో తేలాక కబురు చెయ్యి" అని గట్టెక్కి వెళ్ళిపోయాడు. నూకాలు అతణ్ణి ఆపలేదు. కాయలు కాసిన ఆ ముట్టె ఆమెకు తెలుసు.

ఇద్దరే మిగిలారు. మొదటి రోజు మోకాలి లోతు తవ్వారు. సాయంత్రానికి సగం జారిపోయింది. రెండో రోజు గుంటను వెడల్పు చేసి, వాలుగా దిగారు. నూకాలు వెదురు పొద దాకా పదిసార్లు తిరిగి ముక్కలు మోసుకొచ్చింది. మూడో రోజు మధ్యాహ్నం లోపలినుంచి సన్యాసి గొంతు వినిపించింది.

"అక్కా, నా పొట్ట తడిసింది!"

ఆ సాయంత్రం చెలమకు ఇద్దరు వచ్చారు. తూర్పునుంచి ఒక కుందేలు, పడమటినుంచి ఒక ముంగిస. రెండూ అటూ ఇటూ చూశాయి. ఇది ఏ గట్టూ కాదు. తాగి వెళ్ళిపోయాయి.

నాలుగు రోజుల్లో వరస పెరిగింది. మద్దిచెట్టు కింద పాత చెలమ తోడే దిక్కులేక పూడిపోయింది. దాని ముందు బురద పూసిన చెట్టు ఒక్కటే నిలబడి ఉంది. వీర్రాజు అది చూసి కోపంతో ఏటి మధ్యకు వచ్చాడు.

"ఇది ఎవరి చెలమ?"

"తవ్వింది మేమిద్దరం. తాగేది అందరూ" అంది నూకాలు.

"మా మాట వినని చెలమ ఈ అడవిలో ఉండదు" అన్నాడు వీర్రాజు. నాలుగు కాళ్ళతో తొక్కాడు. వెదురు ముక్కలు ఫటఫటమని విరిగాయి. గుంట నేలమట్టమైంది.

మర్నాడు తెల్లవారేసరికి నూకాలు, సన్యాసి మళ్ళీ తవ్వుతున్నారు. పొద్దు బారెడు ఎక్కేసరికి వెనకనుంచి ఎవరో రొప్పుకుంటూ వచ్చారు. చూస్తే పోలయ్య.

"మాట్లాడకు వదినా. ఒక్క మాట కూడా అనకు" అని ముట్టె ఇసుకలో పెట్టాడు. నూకాలు ఒక్క మాట కూడా అనలేదు. అది ఆమెకు తేలిక కాదు.

వీర్రాజు రెండోసారి వచ్చి తొక్కాడు. ఈసారి సన్యాసి తోక నలిగింది. మర్నాడు ముగ్గురూ మళ్ళీ తవ్వారు. సన్యాసి తోక ఈడ్చుకుంటూనే దిగాడు.

ఆ రోజు మధ్యాహ్నం పడమటి గట్టు దిగి చిలకమ్మ వచ్చింది. ఒక్కతే వచ్చింది. గుంట దాకా వచ్చి నిలబడింది. నూకాలు పక్కకు జరిగి, "ఇంకా తేటపడలేదు. కొంచెం ఆగాలి" అంది.

"తాగడానికి రాలేదు" అంది చిలకమ్మ. "నీ మీద మనసు విరిగింది. అది అతకదు. ఆ సంగతి నువ్వు తెలుసుకోవాలి."

"తెలుసు."

"మా మందలో చిన్న పిల్లలు ఇంకా తొమ్మిది ఉన్నాయి. మడుగు పూర్తిగా ఎండింది." చిలకమ్మ వెనక్కి తిరిగి, ముందుకాళ్ళతో ఇసుకను ఎగజిమ్మడం మొదలుపెట్టింది. "ఎంత వాలు కావాలి? నాకీ పని రాదు, చెప్పు."

నూకాలు చెప్పింది.

సాయంత్రానికి నీళ్ళు తేటపడ్డాయి. అప్పుడే వీర్రాజు మూడోసారి వచ్చాడు. ఈసారి వెనక ఆరు దున్నలు. గుంట దగ్గర పెద్ద వరస ఉంది. వరస మొదట, పాలిచ్చే తల్లుల్లో, వీర్రాజు సొంత అక్క రాములమ్మ నిలబడి ఉంది. పక్కన ఆమె దూడ. దూడ నాలుక బయటికి వేలాడుతోంది. ఆమె వెనక చిలకమ్మ మందలోని దుప్పులు. వాటి వెనక కొండ దిగి వచ్చిన ఒక ఏనుగు తల్లి, పిల్ల.

"అక్కా, పక్కకు జరుగు" అన్నాడు వీర్రాజు.

"ఎందుకు తమ్ముడూ?"

"ఇది మన చెలమ కాదు."

"మన మడుగు ఎక్కడుంది? మీరంతా దొర్లి దొర్లి బురద చేశారు. ఇప్పుడు అదీ ఎండింది. నీ మేనల్లుడు రెండ్రోజులుగా బురద నాకుతున్నాడు" అంది రాములమ్మ. "తొక్కుతానంటే తొక్కు. వీడు తాగాక తొక్కు. ఆ తర్వాత నీ వెనకున్న ఈ ఆరుగుర్నీ వాళ్ళ ఇళ్ళల్లో కూడా ఒకసారి అడిగిరమ్మను."

వెనకున్న దున్నల్లో ఒకటి నేల చూపులు చూసింది. ఇంకొకటి మెల్లగా రెండడుగులు వెనక్కి వేసింది. అప్పటికే దూడ మూతి నీళ్ళలో ఉంది. గుక్క గుక్కకీ దాని గొంతు కదులుతుంటే వీర్రాజు చూస్తూ నిలబడ్డాడు. తొక్కడానికి ఎత్తిన కాలు ఇసుక మీద దించాడు. గట్టెక్కి వెళ్ళిపోయాడు.

అంతటితో గొడవలు తీరిపోయాయని అనుకోకండి. తీరలేదు. నెల తిరక్కుండా కొండబాబు ఏనుగులు మళ్ళీ దిగాయి, దున్నలు మళ్ళీ తరిమాయి. రాజెవరో ఆ ఏడు తేలనే లేదు. కానీ రోజూ తెల్లవారేసరికి ఇసుక నడుమ నలుగురు తవ్వుతూనే ఉన్నారు. ఆ తర్వాత తొలకరి దాకా నీళ్ళు లేక ఇంకో పిల్ల చావలేదు.

ఒక మధ్యాహ్నం కొండల వెనక ఉరిమింది. తొలకరి దంచి కొట్టింది. ఎర్రనీరు నురగలు కక్కుతూ వచ్చి, చెలమను, వెదురు ముక్కల్ని ఒక్క ఊపులో ఎత్తుకుపోయింది. అందరూ పడమటి గట్టెక్కి చూస్తున్నారు. పోలయ్య వానలో తడుస్తూ గంతులేస్తున్నాడు.

చిలకమ్మ మిగిలిన పిల్లతో వచ్చి నూకాలు పక్కన నిలబడింది.

"వచ్చే ఏడు దీనికి తవ్వడం నేర్పుతాను" అంది చిలకమ్మ. "ఎక్కడ తవ్వాలో కూడా నేనే చెబుతాను. అది నీకు వదలను."

"వదలకు" అంది నూకాలు.

నీతి: పదిమందిని బతికించే పనిని గద్దె మీద ఎవరున్నా ఆపకూడదు, గద్దె కోసం కొట్లాడే ఎవరి గుర్తు కిందా పెట్టకూడదు.